అయిదో మాట ఎలీసమ్మది

ఎలీసమ్మ మాట పోయింది కూడా ఇలాంటి శుభ శుక్రవారం నాడే, ఇదే గుళ్ళో, ఇంచుమించు ఇదే వేళకి. పదకొండేళ్ళయింది. తెల్ల చీర కట్టుకుని, తలమీదుగా చెంగు కప్పుకుని, కుడిచేతిలో రెండు మడతల కాగితం పట్టుకుని మైకు ముందు నిలబడింది. కాగితం విప్పింది. ఒక వాక్యం చదివింది. చదవడం కాదు, ఒక్కొక్క అక్షరాన్నీ అరికాల్లో ముల్లు తీసినట్టు తీసింది. రెండో వాక్యం దగ్గర ఆగింది. ఆ ఆగడం ఎంతసేపో మహిమకు ఇప్పటికీ తెలియదు. చాపల మీద పిల్లలు కూడా గోల మానేశారు. ఎలీసమ్మ కాగితంలోంచి తలెత్తి జనంలో ఎవరి ముఖం కోసమో వెతికింది, అది దొరకలేదు, కాగితాన్ని ఉన్న మడతల్లోనే మడిచి, వచ్చి తన చోట కూర్చుంది. ఆమె వెతికింది ఎవరి ముఖమో మహిమకు తెలుసు. అప్పుడు మహిమ తల వంచుకుని, బైబిల్లో ఏదో పుట వెతుకుతున్నట్టు నటిస్తోంది.

ఇప్పుడు అదే మహిమ రెండో వరస బల్లమీద, గోడ పక్కన కూర్చుని ఉంది. యాభై మూడేళ్ళ మనిషి. సత్తెనపల్లిలో ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెప్తుంది. ఎలీసమ్మ ఆమెకు అక్క, ఆమెను పెంచిన మనిషి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడింటి దాకా, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల్ని ఏడుగురు చెప్పడం ఈ పేట సంఘంలో తాతల నాటి ఆచారం. మాటకొకరు. మాటకీ మాటకీ మధ్య ఒక కీర్తన. ఎవరికి ఏ మాటో ముందటి ఆదివారం, మట్టలాదివారం నాడే సంఘ పెద్ద ఎలీషా కాగితం మీద రాసి తలుపు పక్కన అంటిస్తాడు. లోపలికి వస్తూ ఆ కాగితం వైపు చూడకుండా రాలేకపోయింది మహిమ. అయిదో మాట, మహిమ టీచరు. దాహం గురించిన మాట. ఆ చోట ఒకప్పుడు పద్నాలుగేళ్ళు వరసగా ఎలీసమ్మ పేరు ఉండేది. ఇప్పుడు ఎలీసమ్మ గుడి వెనక మట్టిలో ఉంది. మహిమ ఒళ్ళో బైబిలు ఉంది, బైబిల్లో నాలుగు పేజీల ప్రసంగం ఉంది, మూడుసార్లు దిద్దినది. అది చదవగలదో లేదో ఆమెకు తెలియదు. చదవకపోతే ఏం చెప్పాలో అంతకన్నా తెలియదు. రెండో మాట నడుస్తోంది. నడుమ ఇంకా రెండు మాటలున్నాయి. ఈలోగా తేల్చుకోవాలి.

రెండో మాట ఎలీషాది. పశ్చాత్తాపపడిన దొంగ గురించి మొదలుపెట్టి, పేటలో బోర్లకి వేసిన కరెంటు మోటార్లు దొంగిలించేవాళ్ళ దాకా వచ్చాడు. ఎండ తలుపులోంచి గచ్చు మీదికి బారెడు లోపలికి వచ్చింది. గుడికి రెండు వైపులా మిరప కల్లాలే, శుక్రవారమని కాయలు ఎండడం మానవు కదా, వాటి ఘాటు గాలితోపాటు లోపలికి వచ్చి పోతోంది. పట్నం నుంచి వచ్చిన అల్లుడొకడు దగ్గి దగ్గి బయటికి పోయాడు. ఇక్కడి వాళ్ళెవరూ దగ్గరు. మహిమ గొంతు కూడా గరగరలాడింది, ఆమె మింగేసింది. ఎప్పుడు మొదలైంది తనకి ఈ దగ్గు? సత్తెనపల్లిలో ఇల్లు తీసుకున్నాకా, అంతకు ముందే గుంటూరు హాస్టల్లోనా? సెలవులకి వచ్చి దగ్గితే ఎలీసమ్మ మురిసిపోయేది, మా మహి దొరసానైపోయిందర్రా, ఘాటు పడటం లేదు దానికి అని అందరికీ చెప్పుకునేది. దగ్గుని చూసి మురిసిన మనిషి. వెనక చాప మీద ఒక ముసలమ్మ పక్కామెతో గొణిగింది, "ఈయనకి మైకిస్తే ఈస్టరు దాకా దించడే." పక్కామె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది దుఃఖమో నవ్వో పాస్టరు ప్రేమదాసు గారికి తెలియాలంటే కష్టం. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు, చూపుడువేలు మాత్రం వాచీ మీద ఉంది.

ఎలీసమ్మ ఎప్పుడూ మూడు నిమిషాలు దాటలేదు. పద్నాలుగేళ్ళూ అవే మాటలు, అదే వరస, పిల్లలు కూడా పెదాలు కదిపేవాళ్ళు. రెండు చేతులూ దోసిలి పట్టి నిలబడేది, అలా పట్టినట్టు ఆమెకే తెలియదు. "నేను చదువుకోలా. నాకు తెలిసింది చెప్తా. పదేళ్ళప్పుడు మొదటిసారి మిరపకోతకి పొయ్యా. మిట్టమధ్యాన్నం నాలుక్కి నాలుక అంటకపోయింది. గట్టు మీద కుండుంది, మనం ముట్టకూడదు. దోసిలి పట్టమన్నారు. పట్టా. పెద్దామె పైనుంచి చెంబుతో పోసింది. నా చేతులనిండా పండుకాయ కారం. ఆ నీళ్ళు తాగితే మూతి మండింది. మండినా తాగా. దాహమంటే అట్టాంటిది. ఆ పూట ఆయన దాహమన్నాడు. చిరక పెట్టారంట. పగిలిన పెదాలకి పులుపు పెడితే ఎట్టా ఉండిద్దో నాకు తెలుసు. నా సంగతి ఆయనకీ తెలుసు. ఇంతే అయ్యగారూ." చెప్పి, వచ్చి కూర్చునేది. ఆ తరవాత కీర్తన అందుకోవడానికి ఎవరికైనా కొంచెం ఆలస్యమయ్యేది. చిన్నప్పుడు మహిమ ఆ చేతుల్లోనే అన్నం తిన్నది. అమ్మ పోయేనాటికి తనకి అయిదేళ్ళు, అక్కకి పద్దెనిమిది. కోతల రోజుల్లో ముద్ద కలిపి పెట్టాలంటే అక్క ముందు చేతులు మజ్జిగతో కడిగేది, తరవాత ఉప్పుతో రుద్దేది, అయినా మొదటి ముద్ద తనే తిని, మూతి మండకపోతేనే చెల్లెలికి పెట్టేది. ఇది ఎవరికీ చెప్పలేదు ఎలీసమ్మ, ఏ శుక్రవారమూ. ఇది చెప్పుకోవాల్సింది మహిమ. పదో తరగతికి అమ్మ మీద వ్యాసం రాయమని ఇచ్చినప్పుడల్లా పిల్లలు రాసినవి దిద్దుతూ కూడా ఆమెకి ఇది గుర్తు రాలేదు. లేదా వచ్చింది, పక్కకి నెట్టింది.

ఎలీషా ముగించాడు. కీర్తన మొదలైంది. మహిమ పెదాలు కదిపింది, గొంతు రాలేదు.

ఎలీసమ్మ మాట ఆగిన ఆ ఏడు గుడికి కొత్త పైకప్పు వేసి ఫ్యాన్లు పెట్టారు. ఫ్యాన్లన్నీ అంకమ్మరావు గారు ఇచ్చినవి. ఊళ్ళో పెద్ద రైతు, పేటలో సగం మంది ఆయన చేలోకే కోతకి పోతారు. మంచివాడే. గుడ్ ఫ్రైడే నాడు వస్తాను, మీవాళ్ళ కార్యక్రమం ఎప్పుడూ చూడలేదు అన్నాడట. ఆయనకు ముందు వరసలో కుర్చీ వేయాలని, దండ వేయాలని ఎలీషా హడావుడి. ఆ వారం రోజులూ మహిమకి నిద్ర సరిగా పట్టలేదు. ఎందుకంటే గట్టుమీద చెంబుతో నీళ్ళు పోసిన ఆ పెద్దామె అంకమ్మరావు తల్లి. పేటలో అందరికీ తెలుసు. ఆయన ఎదురుగా అక్క దోసిలి పట్టి ఆ మాటలంటే? అంకమ్మరావు నొచ్చుకుంటాడని తనకు తాను చెప్పుకుంది. సంఘానికి చెడ్డపేరు అని చెప్పుకుంది. అసలు సంగతి వేరు. అంకమ్మరావుతోపాటు ఆయన వియ్యంకుడు వస్తున్నాడు, ఆయన తన స్కూలు హెడ్మాస్టరు. స్టాఫ్ రూంలో ఎవరో ఒకసారి, మీ మాట వింటే మీరు ఆ పేట మనిషంటే నమ్మలేం టీచర్ అన్నప్పుడు, మహిమ నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు కాపాడుకోవడానికి రెండు పేజీలు రాసింది. ఆత్మీయ దాహం, జీవజలం, తృష్ణ, తృప్తి. అందమైన వాక్యాలు, ఒక్క దోషం లేదు. "అక్కా, ఈసారి పెద్దవాళ్ళొస్తున్నారు, ఇది చదువు" అంది. ఎలీసమ్మ కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు ఆమెవి. పెద్ద అచ్చు బైబిలు వేలు పెట్టుకుని చదువుతుంది. గొలుసుకట్టుగా రాసిన చేతిరాత ఆమెకి అందదని తెలుగు టీచరుకి తట్టలేదు. తట్టలేదా? తట్టి ఉంటే పెద్ద అక్షరాలతో రాసేదా, లేక అసలు రాయడమే మానేసేదా? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ మనసు పక్కదారి పడుతుంది. ఇప్పుడూ పడింది. ఎదురుగోడ మీద బల్లి కదలకుండా ఉంది. తెల్లచీరల వాసన, గంజి వాసన. ఉదయం నుంచి నీళ్ళు కూడా తాగలేదు. మూడు గంటలయ్యే దాకా ఇక్కడ ఎవరూ తాగరు.

మాట ఆగిన ఆ శుక్రవారం సాయంత్రం ఎలీసమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. ఉపవాసం విడవడానికి జావ కాస్తోంది. "నీ అక్షరాలు ముత్యాల్లాగున్నయ్యే మహీ. నాకే అందలా" అంది. నిష్ఠూరం లేదు. జావ గిన్నెలో పోసి ముందు చెల్లెలికే ఇచ్చింది. గుళ్ళో ఎలీషా, పాపం ఎలీసమ్మ వయసు మీద పడి మర్చిపోయింది అన్నాడు. అందరూ అదే అనుకున్నారు. మరుసటి ఏడు పేరు రాసుకోవడానికి వస్తే, నాకొద్దులే బాబూ, చదువుకున్నోళ్ళకియ్యండి అని పంపేసింది. అప్పుడు మహిమ పక్కనే ఉంది. కాదు, ఆమె మర్చిపోలేదు, నేనే ఆమె మాట తీసేసి నా మాట పెట్టాను అని అప్పుడే అనవచ్చు. అనలేదు. ఆ తరవాతి ఏడూ అనవచ్చు. ఏటా ఒక శుక్రవారం వచ్చేది, పోయేది.

మూడో మాట పాస్టరు గారి భార్య చెప్తోంది. సిలువ కింద నిలబడ్డ తల్లిని శిష్యుడికి అప్పగించడం. అమ్మగారి గొంతు మెత్తన, స్త్రీలు అప్పుడే ముక్కులు చీదుతున్నారు. మహిమ కళ్ళు పొడిగా ఉన్నాయి. అక్క పోయింది భస్మ బుధవారానికి ముందు రోజు. కల్లంలో తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతూ, కాస్త ఒళ్ళు తిరుగుతోందని పరదా నీడకి పోయి పడుకుంది. ఆటోలో సత్తెనపల్లి చేరేలోపే పోయింది. మహిమ తొమ్మిదో తరగతిలో సంధులు చెప్తోంది, ఫోను బ్యాగులో మూగగా వెలుగుతూ ఉంది. అరవై ఆరేళ్ళు. బుధవారం పొద్దున నుదుటి మీద బూడిద పెట్టించుకున్నవాళ్ళే మధ్యాహ్నం పెట్టె మోశారు. శ్రమకాలం మొదటి రోజు. ఆ నలభై రోజులూ ఒంటిపూట తింటాను, కాఫీ మానేస్తాను, రోజూ ప్రార్థన చేస్తాను అని గుంట పక్కన నిలబడి అనుకుంది. మాట నిలబెట్టుకుంది కూడా. ఒంటిపూట తిన్నది. కాఫీ మానేసింది. ప్రార్థన మాత్రం రాలేదు. మోకరిస్తే పడమటి గోడ, ఫ్యాన్ శబ్దం, వంటింట్లో కుళాయి చుక్క. చివరికి ఒక నోటుబుక్కు కొని ప్రార్థనలు రాయడం మొదలుపెట్టింది. రాసి, మర్నాడు చదివి, వాక్యం వంకరగా ఉంటే ఎర్ర సిరాతో దిద్దింది. ఒకరోజు దిద్దుతూ దిద్దుతూ ఆగి, ఇది ఎవరికి చూపించడానికి అనుకుంది. అయినా దిద్దడం మానలేదు.

సత్తెనపల్లి ఇంట్లో కింద వాటాలో ఇంటిగలామె ఖుర్షిదా. ఈ ఏడు రంజాను కూడా ఆ వారంలోనే మొదలైంది. "టీచరమ్మా, మీరూ ఉపవాసమే, మేమూ ఉపవాసమే. కిందికి రండి, కలిసి విడుద్దాం" అని రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవకుండా పళ్ళెంలో ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు పైకి పంపింది. రోజూ సాయంత్రం కింద గిన్నెల చప్పుడు, పిల్లల తోపులాట, ఒక్కసారిగా నిశ్శబ్దం, మళ్ళీ అందరి మాటలూ కలిసి లేవడం. పైన మహిమ ఒక్కతే కంచం ముందు కూర్చుని అది వినేది. పెళ్ళి కుదరలేదు ఆమెకి, కుదిర్చినవాళ్ళని తనే వద్దంది, ఎందుకో ఇప్పుడు గుర్తు కూడా లేదు. అక్క ఉన్నన్నాళ్ళూ ఒంటరి అనిపించలేదు. ఆదివారం బస్సెక్కితే ముప్పావు గంట. తరవాత రంజాను అయిపోయింది. కింద ఇంట్లో సేమ్యాలు, కొత్త బట్టలు. పైన ఆమె ఉపవాసం ఇంకా రెండు వారాలు మిగిలే ఉంది. అప్పుడే ప్రేమదాసు గారు ఫోను చేశారు. "అయిదో మాట ఈసారి మీరు చెప్పాలి టీచరు గారూ. మీ అక్కగారు చెప్పేవారు కదా, ఆ సాక్ష్యం మీ నోట వింటే సంఘానికి ఆదరణగా ఉంటుంది." ఆయన కొత్తవారు, ఎలీసమ్మ చెప్పగా ఎప్పుడూ వినలేదు, వాళ్ళూ వీళ్ళూ చెప్తే విన్నారు. మహిమ సరేనండి అంది. అని ఫోను పెట్టేశాక చాలాసేపు తనని ఎవరో మెచ్చుకున్నట్టుగా అనిపించింది. అందుకు సిగ్గేసింది. ఆ రెండూ ఒకేసారి.

తలుపు దగ్గర ఎండ మీద నీడ పడింది. ఆరాధన వచ్చింది. ఎలీసమ్మ కూతురు. కల్లంలోంచి నేరుగా వచ్చినట్టుంది, మిగతావాళ్ళలా తెల్లచీర కాదు, చేతులకి తొడుక్కున్న పాత సాక్సులు తీసి బొడ్లో దోపుకుని, చెప్పులు విడిచి, గడప లోపల ఆఖరి చాప మీద కూర్చుంది. ఇటు చూడలేదు. మొన్న బుధవారం మహిమ కల్లానికి వెళ్ళింది. ఎర్రగా కళ్ళు చెదిరేట్టు పరిచిన కాయల చుట్టూ పదిమంది ఆడవాళ్ళు. "టీచరమ్మొచ్చింది. ఎవురూ తాలు మాటలు మాట్లాడబాకండే, ఎర్ర సిరా పెట్టిద్ది" అంది వాళ్ళలో ఒకామె, స్తుతి. అందరూ నవ్వారు. ఆరాధన నవ్వలేదు. "ఏంది పిన్నీ ఈ ఎండలో, గొడుగన్నా తెచ్చుకోలా?" అంది. అంటూనే చేతులు ఏరుతూనే ఉన్నాయి, తెల్లబడ్డ కాయ ఇటు, ఎర్రకాయ అటు. "అయిదో మాట నీకిచ్చారంటగా. అమ్మ చెప్పేదే చెప్తావా?"

"అదే అనుకుంటున్నానమ్మాయ్."

"వద్దు పిన్నీ." గొంతు పెంచలేదు. "బతికుండగా ఆ మాటలు నీకు పనికిరాలా. ఇప్పుడు పనికొచ్చినయ్యా? అమ్మ మాటలు నీ నోట వద్దు." తరవాత ఒక దోసెడు ఏరి, ఇంకో దోసెడు ఏరి అప్పుడు చెప్పింది. "నువ్వు రాసిచ్చిన ఆ కాగితం ఆమెకి నేనే నేర్పా. రోజుకో ముక్క. ఆరేళ్ళు పట్టింది. తృష్ణ అనే మాట నోరు తిరక్క ఎన్ని దినాలో. చివరికి ఒక్క అక్షరం తప్పు పోకుండా అప్పజెప్పేది. మా మహి ఎంత కష్టపడి రాసిందో, మళ్ళా పిలిస్తే దాని పరువు తియ్యకూడదు అనేది. ఎవరు పిలిచారు?"

"నాకు చెప్పలేదే."

"నువ్వడగలా."

అడగలేదు. పదకొండేళ్ళు ఆదివారమాదివారం వచ్చి ఆమె పెట్టిన కూర తిని, కూరలో ఉప్పు గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి, ఆరాధన సంసారం గురించి అడిగింది. ఇది అడగలేదు. ఎలీసమ్మ పొయ్యి దగ్గర కూర్చుని పెదాలు కదుపుతుంటే కీర్తన పాడుకుంటోంది అనుకుంది. తృష్ణ. అరవయ్యేళ్ళు దాటిన నాలుక మీద ఆ మాటని ఎంతకాలం మోసిందో. అక్క తన మాట వదులుకుని చెల్లెలి మాటని నేర్చుకుంది. ఇప్పుడు ఆ రెండూ మహిమకు అందవు. రాసిన ప్రసంగం చదివితే అది మళ్ళీ ఆ పాత కాగితమే. అక్క సాక్ష్యం చెప్తే అది దొంగ సొత్తు. లేచి వెళ్ళిపోతే? ఒంట్లో బాగాలేదంటే నమ్ముతారు, ముఖం అలాగే ఉంది. పాస్టరు గారే రెండు మాటలు చెప్పి సరిపెడతారు. మళ్ళీ ఏడు చూద్దాం అనుకోవచ్చు. అలా అనుకోవడం తనకి ఎంత బాగా వచ్చో.

నాలుగో మాటకి ఈ గుళ్ళో ఒక పద్ధతి ఉంది. ప్రసంగం అయ్యాక కిటికీలు మూస్తారు, తలుపు చేరవేస్తారు, దీపాలూ ఫ్యాన్లూ ఆపేస్తారు. ఆనాడు మధ్యాహ్నం కమ్మిన చీకటికి గుర్తుగా అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. ఫ్యాన్లు గిరగిర తిరిగి మెల్లగా ఆగాయి. ఒక్క నిమిషంలో ఉక్క. చీకటి పూర్తిగా చీకటి కాదు, కిటికీ సందుల్లోంచి గీతలు గీతలుగా వెలుగు. ఎవరిదో చంటిపిల్ల మూలిగింది, పాలు దొరికాయి, ఊరుకుంది. మహిమకు చెమట మెడ వెనక నుంచి వీపు మీదికి జారింది. నోరు ఎండిపోయింది. నాలుక అంగిట్లో అంటుకుని ఉంది, కదిపితే చిన్న చప్పుడుతో ఊడింది. నలభై రోజులు ఒంటిపూట తిన్నా ఆకలి అనిపించలేదు, అదొక పని, టైంటేబుల్లో ఒక గంట. ఇప్పుడు మాత్రం దాహం వేస్తోంది. ఉత్త దాహం, దానికి మరో పేరు లేదు. దీన్ని తను ఆత్మీయం అని దిద్దింది. నీళ్ళు అడిగినవాడి మాటని, నీళ్ళు అడిగిన అక్క మాటని. ఇద్దరి మాటా సరిగ్గా లేదనుకుంది. అడగడం అంటేనే భయం తనకి. అడిగేవాళ్ళు చేతులు చాపాలి, ఎవరో పైనుంచి చూస్తుండగా. అందుకే దేవుణ్ణి కూడా ఏమీ అడగలేదు ఇన్నాళ్ళూ, రాసి చూపించింది అంతే. ఆ చీకట్లో ఆమె లోపల ఒక మాట లేచింది, ప్రభువా అని. తరవాత వాక్యం లేదు. వాక్యం కోసం ఆమె వెతకలేదు. ప్రభువా, నేను. మళ్ళీ ఆగింది. ప్రభువా, నేను తీసేశాను. క్రియ ఉంది, కర్మ ఎక్కడ అని లోపలి టీచరు అడగబోయి ఊరుకుంది. నలభై రోజుల్లో మొదటిసారి తన మాట ఎవరో వింటున్నట్టు అనిపించింది. విని మెచ్చుకోవడం లేదు, తప్పు పట్టడం లేదు. వింటున్నారు. తనది కానిది ఏదీ చెప్పనక్కర్లేదు. అక్క మాట అక్కది. కాగితం మాట ఎవరిదీ కాదు. మిగిలింది ఈ ఒక్కటే, ఇది మాత్రం తనదే, దీన్ని ఎవరూ కాదనరు.

కిటికీలు తెరిచారు. వెలుగు కళ్ళలో పడి అందరూ ముఖాలు చిట్లించారు. ప్రేమదాసు గారు పేరు పిలిచారు. మహిమ బైబిలు బల్లమీదే వదిలి లేచింది. పుల్పిట్టు దాకా పది అడుగులు నడిచింది. మైకు ఎత్తు ఎలీషాకి సరిపోయేట్టుంది, దించడం ఆమెకు చేతకాలేదు, దాన్ని వదిలేసి పక్కకి నిలబడింది. స్కూల్లో అరవై మందికి మైకు లేకుండానే చెప్తుంది కదా.

"మా అక్క మర్చిపోలేదండీ" అంది. గొంతు సన్నగా, అరిగిపోయినట్టు వచ్చింది. "పదకొండేళ్ళ కిందట ఇక్కడ నిలబడి మాట రాక కూర్చుంది. వయసైపోయిందన్నారు. కాదు. ఆమె చేతిలో కాగితం నేను రాసిచ్చింది. ఆమె చెప్పేది పెద్దవాళ్ళ ముందు బాగుండదని నేనే మానిపించాను. నాకు నామోషీ అనిపించింది. మా అక్కంటే నామోషీ. ఆ తరవాత కూడా నోరు విప్పలేదు. ఆమె పోయేదాకా." గడప వైపు చూసింది. "ఆమె మాటలు నేను చెప్పను. అవి ఆమెవి. మీకు గుర్తుంటాయి. మీరే తలుచుకోండి."

ఎలీషా నేల చూపులు చూస్తున్నాడు. పాస్టరు గారు వేలు వాచీ మీంచి తీశారు. అంతలో వెనక చాప మీద, ఇందాక ఎలీషా మైకు దించడని గొణిగిన ముసలమ్మ, తనలో తను అనుకున్నట్టు, అయినా అందరికీ వినపడేట్టు అంది, "మిట్టమధ్యాన్నం. చేతులనిండా కారం. నీళ్ళు తాగితే నాలుక మండిందంది పిచ్చిది."

"నాలుక కాదే, మూతి" అంది పక్కామె.

"నాలిక్కూడా మండిద్దిలే."

"ఆమె మూతి అనేది. నేనిన్నా గదా. పద్నాలుగేళ్ళిన్నా."

"గట్టుమీద కుండ సంగతి ముందు" అని ఇంకెవరో. ముందూ వెనకా అయి, ఒకరి మాట మీద ఒకరి మాట పడి, అది చాపల మీంచి చాపల మీదికి పోయింది. వరస కుదరలేదు. కుదర్చాలని మహిమకు అనిపించలేదు. ఆమె పక్కకి నిలబడి వింది. అక్క గొంతు అందులో ఎక్కడా లేదు, అక్క మాట మాత్రం ఉంది. గడప దగ్గర ఆరాధన చెంగు ముఖం మీదికి లాక్కుని ఉంది, ఏడుస్తోందో, కోపంగా ఉందో, ఇంత దూరం నుంచి తెలియలేదు. తన నోట వద్దంది. తన నోట రాలేదు. కానీ తన వల్లే వచ్చింది. అది కూడా ఆమెకి ఇష్టమో కాదో.

కీర్తన అందుకోవడానికి కొంచెం ఆలస్యమైంది. మహిమ వచ్చి కూర్చుంది. బల్లమీద పక్కనున్న మనిషి జరిగి చోటిచ్చింది. గొంతు ఎండిపోయే ఉంది. మూడు కావడానికి ఇంకా ముప్పావు గంట. ఏడ్వలేదు ఆమె. కీర్తన రెండో చరణంలో తన గొంతు తనకి వినపడింది, శ్రుతి కలవకుండా. ఆపలేదు. ఆరో మాట చెప్పే కుర్రవాడు లేచి మైకు కిందికి దించుకుంటున్నాడు. గుడి విడిచాక ఆరాధన కల్లానికి పోతుంది, సాయంత్రం మబ్బు పట్టేట్టుంది, పరదాలు కప్పుకోవాలి. దోవలో కలుసుకోవాలంటే మహిమ తొందరగా నడవాలి. అందరి ముందూ చెప్పడం అయింది. ఆరాధనను క్షమించమని అడగడం ఇంకా కాలేదు.